మీటరు కింద బొగ్గు గీతలు: నలుగురూ నవ్వే పొదుపు ఎలా చేయాలి

హన్మకొండలో మా అత్తమ్మ ఇంటికి వచ్చినవారి చూపు ముందుగా కరెంటు మీటరు కింద గోడ మీదున్న బొగ్గు గీతల మీద పడుతుంది. పూర్వం పాల లెక్క రాసుకున్నట్టే ఆమె ఐదు యూనిట్లకు ఒక గీత చొప్పున గీస్తారు. 2024 మార్చి నుంచి తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద అర్హత ఉన్న రేషన్ కార్డు కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా వస్తున్నది. 201వ యూనిట్ పడిందంటే మాత్రం ఆ ఒక్కదానికే కాదు, నెల వాడకమంతటికీ డబ్బు కట్టవలసి వస్తుంది. కాబట్టి బిల్లు కొట్టే మనిషి వచ్చి వెళ్లిన రోజునే మీటరులోని అంకెను రాసి పెట్టుకుని, అక్కడి నుంచి రోజుకు ఆరున్నర యూనిట్లు దాటకుండా చూసుకోవాలి.

ముందుగా కంటికి కనబడని ఖర్చును పట్టుకోవాలి. పది వాట్లు తీసుకునే సెట్ టాప్ బాక్సును రిమోట్‌తో ఆపి వదిలేస్తే, నెలకు ఏడు యూనిట్లు ఊరికే పోతాయి. గోడ దగ్గర స్విచ్ కట్టేయడానికి ఖర్చేమీ లేదు. 75 వాట్ల పాత ఫ్యాను రోజుకు పన్నెండు గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు తింటుంది, 30 వాట్ల కొత్త రకం ఫ్యాను అదే పనిని 11 యూనిట్లలోపే చేస్తుంది. మా ఇంట్లో గీతలు 35 దాటగానే ఇస్త్రీ పెట్టె అటక ఎక్కుతుంది. అప్పుడు పిల్లల యూనిఫాంలను పూర్తిగా ఆరనిచ్చి, మడతలను చేత్తో సరిచేసి, రాత్రి పరుపు కింద పరచాలి. ఇంట్లో అందరికంటే బరువైన మనిషి పడుకునే వైపు పెడితే మడత బాగా నిలుస్తుంది. మా ఇంట్లో ఆ బాధ్యత మామయ్యది.

వంటగదిలో సిలిండర్ బిగించిన తేదీని దాని మీదే సుద్దముక్కతో రాయాలి. 14.2 కిలోల గ్యాస్ ఎన్ని రోజులు వచ్చిందో రెండు మూడు సిలిండర్లకు తెలిస్తే, ఎవరి వంట ఎక్కువ మంట తాగుతున్నదో కూడా తేలుతుంది (దీని వల్ల వచ్చే తగాదాలకు నేను పూచీ కాదు). ఎంత మిగిలిందో తెలియాలంటే తడిగుడ్డతో సిలిండర్‌ను పై నుంచి కింది దాకా తుడవాలి: గ్యాస్ ఉన్న భాగంలో తడి ఆలస్యంగా ఆరుతుంది. కందిపప్పును అరగంట నానబెట్టి కుక్కర్ అడుగున పోసి, దానిపై గిన్నెలో బియ్యం పెడితే ఒకే మంట మీద రెండూ ఉడుకుతాయి.

ఏడాది కారం మాత్రం ప్యాకెట్లలో కొనకూడదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌కు కొత్త మిర్చి వస్తుంది కనుక, నాలుగిళ్లవారు కలిసి ఒక బస్తా మాట్లాడుకోవాలి. తేజ రకం ఘాటు ఎక్కువ, అందుకని కూరలో సగం చెంచా చాలు. బేరానికి ఆడవారే వెళ్లాలి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వారికి ప్రయాణం ఉచితం, ఆధార్ కార్డు చూపిస్తే సరిపోతుంది. మగవారు వెంట వెళ్తే వారి టికెట్టు మిర్చి ధరలో కలుస్తుంది. తెచ్చిన కాయలను గలగలమనే దాకా డాబా మీద ఎండబెట్టి, తొడిమలు తీసి, గిర్నిలో పట్టించి, కాస్త ఉప్పు కలిపి జాడీలో పెట్టాలి.

నవ్వు పుట్టించే పొదుపులన్నీ లాభమని మాత్రం అనుకోవద్దు. కిలోకు రెండు రూపాయలు తక్కువని టమాటాల కోసం ఊరి అవతలికి బండి మీద వెళ్తే ఆ లాభాన్ని పెట్రోలే తాగేస్తుంది. పాత చీరలకు స్టీలు సామాన్లు ఇచ్చేవారి దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం. ఒకసారి మా అత్తమ్మ నాలుగు చీరలిచ్చి చిన్న టిఫిన్ డబ్బా తెచ్చుకున్నారు. వాటిలో ఒకటి జరీ అంచు పట్టుచీర అని మర్నాడు గుర్తుకొచ్చింది. జరీ చీరలను విడిగా తీసి, మిగిలినవాటిలో నూలువి బొంతకు ఉంచి, ఎవరూ కట్టని సింథటిక్ చీరలనే బేరానికి పెట్టాలి. బొంత కుట్టించే ముందు కుట్టుకూలి ఎంతో అడిగి, బజారులో దుప్పటి ధరతో పోల్చి చూసుకోవాలి.