పాత మజిల్‌లోడర్ రైఫిల్‌కు వారంటీ సేవ సరిగా పొందడం ఎలా?

మూతి వైపు నుంచి మందు, గుండు కూరి పేల్చే మజిల్‌లోడర్ రైఫిళ్లను జీవితకాల వారంటీతో అమ్మిన కంపెనీలు అమెరికాలో ఉన్నాయి కనుక, నలభై ఏళ్ల నాటి తుపాకీకి సైతం ఉచితంగా మరమ్మతు దొరికే అవకాశం ఉంది. తుప్పు పట్టిన తుపాకీని, లోపల ఏముందో చూడకుండా, కనీసం ఒక ఉత్తరమైనా జత చేయకుండా పార్సిల్ కట్టి పంపేవారు ఆ అవకాశాన్ని చేజేతులా పోగొట్టుకుంటున్నారు.

మొదట, వారంటీ బాధ్యత ఇప్పుడు ఎవరిదో తేల్చుకోండి. గొట్టం మీది పేరు ఒక్కటే చూసి నిర్ణయానికి రాకూడదు. 1970లో హాకెన్ రైఫిల్‌ను తెచ్చిన థాంప్సన్ సెంటర్ సంస్థ 2007లో స్మిత్ అండ్ వెసన్ చేతికి వెళ్లి, 2024లో మళ్లీ చేతులు మారింది. సీరియల్ నంబరు చివర 95 లేదా 96 ఉన్న సీవీఏ కంపెనీ ఇన్‌లైన్ రైఫిళ్లను (నిప్పు పుట్టే చోటు గొట్టానికి సూటిగా వెనుక ఉండే కొత్త తరహావి) 1997లోనే వెనక్కి పిలిచారు. 1999లో ఆ పేరును కొన్న సంస్థ వాటికి బాధ్యత వహించదు. అలాంటిది మీ దగ్గర ఉంటే మరమ్మతు మాట మరచి, దాన్ని పేల్చడమే మానండి.

సీరియల్ నంబరు, రసీదు, లోపం కనిపించే ఫొటోలు సిద్ధం చేసుకోండి. వారంటీ సాధారణంగా మొదటి కొనుగోలుదారుకే వర్తిస్తుంది. తుపాకీ తండ్రి నుంచి వచ్చిందైతే ఆ మాటే రాయండి. లోపాన్ని కాగితం మీద, ఒకే పేజీలో రాయాలి. ఫోనులో చెప్పినది మరమ్మతు బల్ల దాకా చేరదు.

ఇక అసలైన పని, తుపాకీ ఖాళీగా ఉందని రూఢి చేసుకోవడం. పాత పద్ధతి తుపాకులకు వెనుక నుంచి తెరిచి చూసే వీలు లేదు. నల్ల తుపాకీమందు తడి తగలకుండా ఉంటే దశాబ్దాల తరువాత కూడా పేలుతుంది. ముందుగా నిపిల్ (గొట్టం వెనుక ఉండే చిన్న మొన) మీద క్యాప్ (దెబ్బ తగిలితే నిప్పు పుట్టించి మందును అంటించే చిన్న మూత) ఉంటే తీసివేయండి. మూతి ఎవరి వైపూ లేకుండా, మీ ముఖం, చెయ్యి దానికి ఎదురుగా రాకుండా చూసుకుంటూ, మందు కూరే కడ్డీని మెల్లగా లోపలికి జారవిడవండి. అది ఆగిన చోట, మూతి అంచుకు సరిగ్గా కడ్డీ మీద పెన్సిలుతో గీత పెట్టి, బయటకు తీసి, గీతను మూతి అంచుకు ఆనించి గొట్టం పక్కనే పరచండి. రెండో కొస నిపిల్ దగ్గరకు చేరితే లోపల ఏమీ లేనట్టు. అంగుళమో రెండంగుళాలో ముందే ఆగితే గుండు ఉన్నట్టే భావించాలి. కొన్ని రైఫిళ్లలో మందు గది గొట్టం కంటే సన్నగా ఉండటం వల్ల కడ్డీ కాస్త ముందే ఆగుతుంది. అందుకే ఖాళీ తుపాకీ గీతను కడ్డీ మీద శాశ్వతంగా చెక్కి ఉంచుకోవాలి. ఇది చేయని వారు మజిల్‌లోడర్ ఉంచుకోకూడదన్నది నా నియమం.

అనుమానం మిగిలితే పేల్చి చూడకండి, వేడి చేయకండి, డ్రిల్లు పెట్టకండి, కంపెనీకి అసలే పంపకండి. గన్‌స్మిత్‌కు, అంటే తుపాకులు బాగుచేసే నిపుణుడికి, ముందుగా ఫోను చేసి, సంగతి చెప్పి, ఆయన చెప్పిన విధంగా తీసుకువెళ్లండి. టార్చి వేసి చూస్తే సరిపోతుందని కొందరు అంటారు. అలా చూడాలంటే మూతికి ఎదురుగా ముఖం పెట్టాలి, పైగా నల్లబడిన గుండు కూడా గొట్టం అడుగులాగే కనిపిస్తుంది. మూతిలో నోరు పెట్టి ఊదడం అంతకంటే ఘోరం. ఉత్త క్యాప్ పేల్చి పరీక్షించడమంటే, లోపల గుండు ఉంటే దాన్ని పేల్చడమే.

తరువాత గొట్టాన్ని సబ్బు కలిపిన వేడినీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి, పలుచగా నూనె పట్టించండి. మందు మసి తేమను పీల్చుకుని ఇనుమును తినేస్తుంది, తుప్పుకు వారంటీ ఉండదు. లోపం ఉన్న చోట ఆకురాయి పెట్టకండి. పాత పద్ధతి తుపాకీలో బ్రీచ్ ప్లగ్‌ను (గొట్టం వెనుక కొసను మూసే బిరడాను) మీరే ఊడదీస్తే వారంటీ మీద ఆశ వదులుకోవలసిందే.

1968 నాటి అమెరికా సమాఖ్య చట్టం చాలా మజిల్‌లోడర్లను పురాతన ఆయుధాలుగా లెక్కిస్తుంది, కానీ గొట్టం మార్చి తూటాలు పేల్చగల థాంప్సన్ సెంటర్ వారి ఎన్‌కోర్ వంటివి ఆ లెక్కలోకి రావు. రాష్ట్ర చట్టాన్నీ, రవాణా సంస్థ నిబంధనలనూ చూసుకుని, కంపెనీ అనుమతి నంబరు వచ్చాకే పంపండి. పెట్టెలో మందు, క్యాపులు పెట్టకూడదు. స్కోపు, బెల్టు ఇంట్లోనే ఉంచుకోండి.

తిరిగి వచ్చాక కడ్డీ పరీక్ష మళ్లీ చేయండి. గొట్టం మార్చి పంపి ఉంటే, పాత కొలతలే అనుకోకుండా దాని మీది ముద్ర చదివి, ఆ గొట్టానికి కంపెనీ చెప్పిన మందు పరిమాణంతోనే మొదలుపెట్టండి.