ఇంట్లో డబ్బాలో గోదావరి లోయని చీల్చడం ఎలా

రిఫ్ట్ (భూమి పైపొర సాగి, చీలి, మధ్యలో దిగిపోయి లోయ కావడం, మన గోదావరి లోయ అలా పుట్టిందే) అంటే ఏంటో వీడియోలో యానిమేషన్ చూస్తే అర్థమైనట్టే ఉంటుంది, తెల్లారితే మర్చిపోతాం. చేత్తో ఒకసారి ఇసుకని లాగి చూడండి, ఇంక మర్చిపోరు. పోయిన వేసవి సెలవుల్లో మా అక్క కొడుకుతో కలిసి చేశాను, వాడు ఎనిమిదో తరగతి. యూనివర్సిటీ ల్యాబుల్లో కూడా ఇదే పద్ధతి, వాళ్ళకి మోటారు ఉంటుంది, మనకి చెయ్యి ఉంది, అంతే తేడా.

కావాల్సినవి: 30 సెం.మీ. పొడవున్న పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా, సన్న ఇసుక, రంగుల ముగ్గు, కొంచెం బొగ్గుపొడి, గట్టి అట్ట, ఒక పల్చటి ప్లాస్టిక్ షీటు, జల్లెడ, స్కేలు. ఇసుక మాత్రం పొడిగా ఉండాలి. నేను మొదటిసారి వాన పడ్డ మర్నాడు బయటి నుంచి తెచ్చిందే పోసేశాను, లాగితే ఫాల్ట్ (పొరలు తెగి ఒక పక్క ఇంకో పక్క మీదుగా జారే చోటు) రాలేదు, పైన నిట్టనిలువుగా నోరు తెరిచిన పగుళ్ళు వచ్చాయి, ఎండిన చెరువులో మట్టిలాగా. తడి వల్ల రేణువులు అంటుకుపోతాయి కదా, ఆ చిన్న సైజులో ఆ జిగురే చాలా ఎక్కువ. జల్లించి మూకుడులో కాసేపు వేయించి చల్లార్చండి, సరిపోతుంది.

అట్టని డబ్బా వెడల్పుకి సరిగ్గా కోసి, దాని అడుగున షీటుని టేప్ తో అంటించండి. అట్ట నిలువుగా గోడలా, షీటు నేల మీద పరిచినట్టు ఉండాలి. అట్టని కుడి చివర నుంచి ఒక 6 సెం.మీ. లోపల పెట్టండి, షీటు అంచు డబ్బా మధ్యకి రావాలి. ఈ అంచే అసలు విషయం. దానికి ఎడమ పక్క నేల కదలదు, కుడి పక్క కదులుతుంది, అంటే అడుగున ఒక సందు పెట్టామన్నమాట. గోదావరి లోయ కింద కూడా అలాంటి సందే ఉంది, ఒక పక్క ధార్వాడ్ క్రేటన్, ఇంకో పక్క బస్తర్ క్రేటన్, అంటే భూమి పైపెంకులో ఎప్పుడో అతుక్కున్న రెండు పాత ముక్కలు, సాగదీసినప్పుడు కుట్టు దగ్గరే విడిపోతుంది, పాత చొక్కా లాగానే.

ఇప్పుడు అట్టకి ఎడమ వైపంతా ఇసుక పొయ్యండి, సెంటీమీటరుకి ఒకసారి రంగుముగ్గు పల్చగా చల్లుతూ మొత్తం 5 సెం.మీ. పైనుంచి అర సెంటీమీటరు లోతులో బొగ్గుపొడి పొర వెయ్యండి. చేత్తో నొక్కొద్దు. ఈ డబ్బాలో సుమారు 1 సెం.మీ. అంటే నిజం భూమిలో 1 కి.మీ., ఎందుకంటే రాయి ఎంత గట్టిదో పొడి ఇసుక దానికి లక్షో వంతు గట్టిది, సైజు కూడా లక్షో వంతే, అందుకే ఇసుక అచ్చం రాయిలా విరుగుతుంది.

అట్టని కుడికి లాగండి, ఒక్కోసారి 1 మి.మీ., ఆగి చూడండి. మాకు 3 మి.మీ. దాటాక పైన రెండు సన్న గీతలు కనిపించాయి. "మామయ్యా, మధ్యలో దిగిపోతోంది!" అని వాడు అరిచాడు. "పక్క నుంచి చూడరా" అన్నా. పక్క నుంచి చూస్తే రంగుల పొరలు తెగి, రెండు ఫాల్టులూ షీటు అంచు నుంచి వీ ఆకారంలో పైకి వెళ్తాయి. కోణం కొలవండి, 60 డిగ్రీల దరిదాపు వస్తుంది, ఇసుక రాపిడి కోణం (కుప్ప పోస్తే జారకుండా నిలబడే వాలు) సుమారు 30, అందులో సగం 45కి కలిపితే లెక్క ప్రకారం అంతే రావాలి. 5 సెం.మీ. ఇసుకకి పైన లోయ వెడల్పు దాదాపు 6 సెం.మీ., లాగకముందే గెస్ చెయ్యమని పిల్లల్ని అడగండి.

ఈ దిగిపోయిన దిమ్మని గ్రాబెన్ అంటారు. ఏటవాలు ఫాల్టుకి పైనున్న పక్కని హ్యాంగింగ్ వాల్, కిందున్నదాన్ని ఫుట్ వాల్ అంటారు, గని పనివాళ్ళ మాటలే ఇవి, తల మీద వేలాడేదొకటి, కాళ్ళ కింద ఉండేదొకటి. సాగదీస్తే వేలాడేది కిందకి జారుతుంది. అట్టని వెనక్కి నెడితే అదే పైకెక్కుతుంది, కోణం 30కి పడిపోతుంది, హిమాలయాల కథ అది, దానికి వేరే డబ్బా పెట్టుకోండి.

ఇంకో రౌండ్ చేసే ఓపికుంటే ఇసుక కింద పిల్లలు ఆడుకునే స్లైమ్ ఒక సెంటీమీటరు పరవండి. భూమిలో కూడా పై 10-15 కి.మీ. పెళుసు, కింద వేడికి మెత్తబడి సాగే రాయి. స్లైమ్ ఉంటే ఒక్క లోయ బదులు చిన్న చిన్నవి చాలా రావచ్చు, అమెరికాలో నెవాడా వైపు కొండా లోయా కొండా లోయా అన్నట్టు ఉంటుంది చూడండి, అలా. కానీ గబుక్కున లాగితే స్లైమ్ గట్టిపడిపోతుంది, మెల్లగా లాగాలి. ఇసుకకి ఈ స్పీడు గొడవ లేదు.

నాకు బాగా నచ్చింది చివరి పని. మొత్తం 2 సెం.మీ. లాగాక స్కేలుతో రెండు పక్కల గట్లనీ ఒక సెంటీమీటరు గీకెయ్యండి, వానా నదీ చేసే పని మనం చేస్తున్నామన్నమాట. గట్ల మీద నల్లపొర మొత్తం పోతుంది. తర్వాత స్ప్రే బాటిల్ తో నీళ్ళు మెల్లగా చల్లి, ఇసుక తడిశాక కత్తితో నిలువుగా కొయ్యండి. మా వాడు కోసి కాసేపు చూసి, "నలుపు గుంటలోనే ఉంది, పక్కన లేదేంటి?" అన్నాడు. 1871లో ఇల్లెందు దగ్గర భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గు చూసింది, కొత్తగూడెం, మణుగూరు, రామగుండం గనులు తవ్వుతున్నది ఆ గుంటలోని నలుపే, పక్కన వరంగల్ గ్రానైట్ గట్టు మీద తవ్వితే బొగ్గు దొరకదు. నిజం లోయ ఇంకా కొంచెం చిక్కు, అక్కడ గుంట దిగుతుండగానే ఇసుకా బురదా నిండుతూ వచ్చాయి, కావాలంటే లాగేటప్పుడు మధ్యమధ్యలో గుంటలో పసుపు రంగు ఇసుక పోస్తూ ఉండండి. 1969 ఏప్రిల్ లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది కూడా ఈ లోయలోనే అని చెబితే వాడు డబ్బా వైపు అనుమానంగా చూసి, అట్టని ఇంకో మిల్లీమీటరు లాగాడు.