సొరంగంలో బ్యాటరీ టిప్పర్: సమస్య - పరిష్కారం

కడప, కర్నూలు వైపు సొరంగం పనుల్లో బండ్లు నడిపించే సూపర్‌వైజర్ల కోసం ఇది. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. పొగలేని బండి లోపలికి రావడం మనవాళ్ల ఊపిరితిత్తులకు ఎంతో మేలు. కాకపోతే దాని ఇబ్బందులు వేరు.

బ్యాటరీ వేడెక్కిందని హెచ్చరిక, ఛార్జింగ్ నెమ్మది
కారణం: ముందు రేడియేటర్ చూడండి. రాతి దుమ్ము, షాట్‌క్రీట్ (గోడల మీద చిమ్మే కాంక్రీటు) తుంపర్లు పట్టేస్తే గాలి ఆడదు. పైగా మన మే నెల ఎండ.
పరిష్కారం: షిఫ్టు మారినప్పుడల్లా గాలితో ఊదించండి. కనెక్టర్ల మీద నీళ్ల జెట్ కొట్టొద్దు. ఛార్జింగ్ నీడలో, పోర్టల్ (సొరంగం ముఖద్వారం) బయటే.

ఖాళీ బండి దిగుడులో ఆగట్లేదు, బ్రేకులు కాలుతున్నాయి
కారణం: పైన 100 శాతం ఛార్జి చేసి దింపడం. దిగేటప్పుడు మోటారే కరెంటు తయారుచేస్తూ బండిని పట్టి ఉంచుతుంది. నిండిన బ్యాటరీ ఆ కరెంటు తీసుకోదు, భారమంతా బ్రేకుల మీద పడుతుంది.
పరిష్కారం: కంపెనీ మాన్యువల్ చూసి, దిగుడుకు సరిపడా ఖాళీ ఉంచి ఛార్జింగ్ ఆపండి.

ఇన్సులేషన్ ఫాల్ట్ లైటు
కరెంటు బండి బాడీలోకి లీకవుతోందని ఈ లైటు హెచ్చరిక. ఊట నీళ్లు కనెక్టర్లోకి దిగి ఉండొచ్చు. రీసెట్ కొట్టి నడపొద్దు. హై వోల్టేజ్ కరెంటు పారే నారింజ రంగు కేబుళ్లను శిక్షణ ఉన్న ఎలక్ట్రీషియన్ తప్ప ఎవరూ ముట్టకూడదు.

పైనుంచి రాయి పడింది, బండి మాత్రం బాగానే నడుస్తోంది
నంద్యాల జిల్లా అవుకు సొరంగంలో ఫాల్ట్ జోన్ (రాతి పొరలు విరిగి నలిగిన చోటు) వదులు మట్టి ఎంత ఇబ్బంది పెట్టిందో మనకు తెలుసు. అలాంటి చోట బ్యాటరీ పెట్టె సొట్టపోతే లోపలి సెల్ గంటల తర్వాత కూడా రాజుకోవచ్చు. వెంటనే బయటికి తెచ్చి, మిగతా బండ్లకు దూరంగా పెట్టించి పరీక్ష చేయించండి.

బుస్సుమని శబ్దం, తెల్లటి ఆవిరి
కారణం: ఒక సెల్ అదుపు తప్పి వేడెక్కి పక్క సెల్స్‌ను రాజేస్తోంది. అది నీటి ఆవిరి కాదు. అందులో హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటాయి. పీలిస్తే విషం, పోగుపడితే పేలుతుంది. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ తేలిగ్గా అంటుకోదన్నది నిజమే, కానీ దాని నుంచి కూడా ఈ వాయువులు వస్తాయి.

పరిష్కారం: బండి వదిలేసి మనుషులను తప్పించండి. ఎటు అన్నదే అసలు ప్రశ్న. మన దగ్గర మామూలుగా ఫ్యాన్‌తో డక్ట్ (గాలి గొట్టం) ద్వారా గాలిని ఫేస్ (తవ్వకం సాగే చివర) దగ్గరికి కొడతారు, అది సొరంగం గుండా పోర్టల్ వైపు తిరిగొస్తుంది. కాబట్టి పొగ కూడా పోర్టల్ వైపే వస్తుంది. మంటకు పోర్టల్ వైపున్నవాళ్లు వెంటనే బయటికి పరుగెత్తాలి. ఫేస్ వైపున్నవాళ్లకు దారి మూసుకుపోయినట్టే. వాళ్లకు ఆధారం డక్ట్ గాలి, అదీ మంటకు డక్ట్ కాలిపోనంతవరకే. అందుకే ఫేస్‌కు దగ్గర్లో రెఫ్యూజ్ ఛాంబర్ (పొగ చొరబడని తలదాచుకునే గది), ప్రతి మనిషి నడుముకూ ఆక్సిజన్ ఇచ్చే సెల్ఫ్ రెస్క్యూయర్ లేకుండా ఈ బండ్లను లోపలికి పంపొద్దు. కంగారులో ఫ్యాన్ ఆపేయొద్దు. దాన్ని ఎవరు నడపాలో, ఎవరి మాట మీద ఆపాలో ముందే రాసిపెట్టండి.

మంటలార్పే పౌడర్ సిలిండర్ పైమంటను అణుస్తుంది, సెల్స్‌ను చల్లబరచదు. ఆ పని నీళ్లదే, అదీ ధారాళంగా, చాలాసేపు. మంట ఆరిన బ్యాటరీ మరునాడైనా మళ్లీ అంటుకోవచ్చు. కాబట్టి దాన్ని షెడ్డులోకి తేకుండా ఆరుబయట ఒంటరిగా ఉంచి, కాపలా పెట్టండి.