కొండ గోడపై కుటుంబం – 3వ పాఠం: కారబైనర్ మార్చడం, తీగ మీద నడవడం

హార్నెస్ (నడుముకు, తొడలకు కట్టుకునే బెల్టు) నడుముకు ఎంత బిగించాలో, హెల్మెట్ నుదుటి మీద ఎక్కడ కూర్చోవాలో కిందటి పాఠంలో చూశాం. ఈసారి గోడ ఎక్కుదాం. దారి ఎలా ఉంటుందో మళ్లీ ఒకసారి గుర్తు చేసుకోండి: రాతిలో దిగగొట్టిన ఇనుప మెట్లు, వాటి వెంబడే సాగే ఉక్కు కేబుల్, ఆ కేబుల్‌ను కొంత దూరానికి ఒకచోట రాతికి బిగించిన మేకులు. దీన్నే వయా ఫెర్రాటా అంటారు. మన నడుము నుంచి వచ్చే పట్టీ లాన్యార్డ్. దానికి రెండు చేతులుంటాయి, అంటే రెండు పాయలు. ఒక్కో చేతి చివర ఒక కారబైనర్, అంటే గేటు ఉన్న లోహపు కొక్కెం, ఉంటుంది.

"బెల్టు ఉందిగా, జారినా ఏం కాదులే" అని పిల్లలకు ధైర్యం చెబుతుంటాం. ఇండోర్‌లో ఎక్కడం నేర్చుకునే గోడ మీద పై నుంచి తాడు బిగువుగా పట్టి ఉంటుంది కాబట్టి అక్కడ ఆ మాట చెల్లుతుంది. ఇక్కడ చెల్లదు. నిట్టనిలువు చోట రెండు మేకుల మధ్య 3 మీటర్లు ఉన్నాయనుకోండి. పై మేకు దాకా వచ్చి జారితే కారబైనర్లు కేబుల్ మీద జర్రున జారి కింది మేకు దగ్గర ఆగుతాయి. లాన్యార్డ్ మీటరు పొడవుంటే మీరు ఇంకో మీటరు కిందికి పోతారు. అంటే 4 మీటర్లు పడ్డాకే లాన్యార్డ్ పట్టుకుంటుంది. అప్పుడు అందులోని షాక్ అబ్జార్బర్ కుట్లు తెంచుకుంటూ ఆ కుదుపును మింగుతుంది. అందుకోసం అది 2.2 మీటర్ల దాకా సాగవచ్చు. ఈలోగా కింద ఉన్న ఇనుప మెట్లు కాళ్లకో నడుముకో తగలకుండా ఉండవు. సామగ్రి ప్రాణం కాపాడుతుంది, ఎముకలకు మాత్రం హామీ ఇవ్వదు. కాబట్టి ఈ పాఠమంతా పడకుండా ఉండడం గురించే.

ఈ లెక్కలోంచే మొదటి నియమం వస్తుంది. రెండు మేకుల మధ్య ఒక్కరే ఉండాలి. పైనున్నవారు తమ మేకు దాటి "దాటాను" అని అరిచాకే కిందివారు ఆ ముక్కలోకి అడుగు పెట్టాలి. ఇంట్లోవాళ్లం కదా అని ఒకరి మడమల దగ్గర ఇంకొకరు చేరిపోతుంటారు, ఫొటోల కోసమైతే మరీనూ. గైడ్ ఎక్కువగా కసిరేది దీనికే.

ఇక కారబైనర్ మార్చడం. మేకు దగ్గరకు రాగానే ముందు కాళ్లు రెండూ గట్టి చోట నిలపండి. ఒక చేత్తో మెట్టు పట్టుకోండి. రెండో చేత్తో ఒక కారబైనర్ తీసి మేకుకు అవతల కేబుల్‌కు తగిలించండి, గేటు మూసుకున్న చప్పుడు వినండి. ఆ తర్వాతే రెండోది. రెండూ ఒకేసారి గాలిలో ఉండే క్షణం రానివ్వకూడదు. పైకి చెప్పుకుంటూ చేయడం నాకు నచ్చిన పద్ధతి: "ఒకటి దాటింది... రెండు దాటింది." పిల్లలకు ఇది ఆటలా ఉంటుంది, మీకేమో చూడకుండానే వాళ్లేం చేస్తున్నారో తెలుస్తుంది. కొన్ని కొత్త కోర్సుల్లో మొదలు నుంచి చివరి దాకా ఊడదీయక్కర్లేని లైన్ ఉంటుంది. అలాంటి చోట ఈ బాధే లేదు. మొదటిసారి వెళ్లే కుటుంబానికి అదే మేలు.

చాలామంది తెలియక చేసే పని ఒకటుంది. ఖాళీగా ఉన్న కారబైనర్ ఊగుతుంటే చిరాకేసి దాన్ని హార్నెస్ ముందు లూపుకు తగిలించేస్తారు. అప్పుడు పడితే బరువు లాన్యార్డ్ రెండో చేతి గుండా నేరుగా నడుముకు వస్తుంది. మధ్యలో ఉన్న షాక్ అబ్జార్బర్‌కు పనే ఉండదు. కాబట్టి కారబైనర్లు రెండూ కేబుల్ మీదే ఉండాలి.

పిల్లల సంగతి కాస్త విడిగా చూడాలి. ఈ లాన్యార్డ్‌లకు ఐరోపాలో ఈఎన్ 958 అనే ప్రమాణం ఉంది. 2017లో దాన్ని సవరించాక కనీసం 40 కిలోల మనిషికి, సామానుతో కలిపి 120 కిలోల దాకా పనిచేసేలా పరీక్షిస్తున్నారు. 40 కిలోల లోపు పిల్లలు పడితే అబ్జార్బర్ తెరుచుకోవాల్సినంత తెరుచుకోకపోవచ్చు, కుదుపంతా చిన్న ఒంటి మీద పడుతుంది. అందుకే వాళ్లకు లాన్యార్డ్ ఉన్నా సరే, గైడ్ పై నుంచి విడిగా తాడు పట్టాలి. బుక్ చేసేటప్పుడు "పిల్లలకు వయసెంత ఉండాలి" అని అడిగి ఊరుకోకండి. బరువు చెప్పి తాడు పడతారా అని అడగండి, ఎత్తు చెప్పి మెట్లు అందుతాయా అని అడగండి. జవాబు నసుగుతూ వస్తే ఇంకోచోటు చూసుకోవడమే. వరసలో గైడ్ వెనకే అందరికంటే చిన్నవాళ్లు, ఆ వెనక ఒక పెద్దవారు ఉండాలి. అందరికంటే భయపడేది నాన్నగారే అయితే ఆయన్నే గైడ్‌కు దగ్గరగా పంపండి, మొహమాటం అక్కర్లేదు.

ఎక్కడమంటే చేతుల బలమని అనుకుంటారు. కేబుల్‌ను పట్టుకుని ఒంటిని పైకి లాక్కుంటే పావుగంటలో ముంజేతులు రాయిలా బిగుసుకుపోతాయి, ఆ తర్వాత వేళ్లు మాట వినవు. మెట్లు ఉన్నది కాళ్ల కోసం. పాదం ఎక్కడ పెడుతున్నారో చూసి, నడుము గోడకు దగ్గరగా ఉంచి, తొడల బలంతో లేవండి. చేతులు వీలైనంత చాచే ఉంచండి. అలసట పూర్తిగా రాకముందే ఆగాలి. చాలా కిట్లలో ఒక పొట్టి పట్టీ, దాని చివర కారబైనర్ ఉంటాయి. దాన్ని మెట్టుకు తగిలించి వెనక్కి వాలి, చేతులు కిందికి వేలాడేసి దులుపుకోండి. ఇది విశ్రాంతికి మాత్రమే, కాబట్టి లాన్యార్డ్ కారబైనర్లు రెండూ కేబుల్ మీదే ఉండాలి.

అసలు టెన్షన్ తీగ వంతెన దగ్గర మొదలవుతుంది. నిజానికి గోడ కంటే ఇదే తేలిక. మూడు తీగల వంతెనలో ఒకటి పాదాలకు, రెండు చేతులకు. కారబైనర్లు ఏ తీగకు తగిలించాలో గైడ్ చెప్పేదాకా అడుగు వేయకండి, ఒక్కో వంతెనకు ఒక్కోలా ఉంటుంది. పాదాన్ని కొంచెం బయటికి తిప్పి, అరికాలి మధ్యభాగం తీగ మీద ఆనించి పొట్టి అడుగులు వేయండి. పాదం పెట్టేటప్పుడు తీగను చూడండి. అవతలి ఒడ్డు వైపు చూపు మళ్లించాక ఆ పాదం మీదికి బరువు మార్చండి. ఊగితే ఆగి, మోకాళ్లు కాస్త వంచితే చాలు, ఊపు దానంతటదే తగ్గుతుంది. దాన్ని ఆపాలని ఎదురు తోస్తే ఇంకా పెరుగుతుంది. గైడ్ చెబితే తప్ప ఇద్దరు ఎక్కకూడదు.

ఇంకొకటి: తీగ మధ్యలో కుంగి ఉంటుంది. మొదటి సగం పల్లంలోకి నడక, రెండో సగం ఎత్తులోకి. "అయిపోయింది" అనుకున్న చోటే చేతులు లాగడం మొదలవుతుంది. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పండి. చివరి నాలుగడుగుల దగ్గర ఏడుపు రావడానికి సగం కారణం ఇదే.

వచ్చే పాఠంలోగా ఒక అభ్యాసం చేయండి. నేల మీదే, నడుము ఎత్తులో ఒక తాడు కట్టండి. అడుగు దూరానికో చోట గుడ్డతో దాన్ని గట్టిగా ఏదైనా కమ్మీకి ముడేయండి, అవే మేకులు. మామూలు క్లిప్పులు రెండు చాలు, వీటిని ఎక్కడానికి మాత్రం వాడకండి. గ్లౌజులు వేసుకుని, ఒంటి చేత్తో, పైకి చెప్పుకుంటూ చివరి దాకా వెళ్లి రండి. తర్వాత ఎవరో ఒకరు పక్కన నిలబడి కబుర్లు చెబుతూ, నవ్విస్తూ ఉండాలి. ఆ గోలలో ఎవరివైనా రెండు క్లిప్పులూ ఒకేసారి ఊడితే వాళ్లు మళ్లీ మొదటి నుంచి. ఇంట్లో అందరూ తడబడకుండా దాటగలిగాకే నాలుగో పాఠం తెరవండి. అందులో వాతావరణం చూసుకోవడం, ఉరుము వినిపిస్తే ఆ ఇనుప దారి నుంచి ఎలా బయటపడాలి, మధ్యలో ఒకరు ఇక ఎక్కనంటే ఏం చేయాలి అన్నవి ఉంటాయి.