బాక్స్ మొరాయిస్తోందా? ఐరిష్ బటన్ అకార్డియన్ సమస్యలు, పరిష్కారాలు

ఐరిష్ సంప్రదాయ సంగీతంలో బటన్ అకార్డియన్‌ని వాయించేవాళ్లు మామూలుగా ‘బాక్స్’ అనే అంటారు. హార్మోనియం అలవాటున్న చేతికి ఇది మొదట్లో తిక్క వాయిద్యంలా అనిపిస్తుంది. రెండింట్లోనూ గాలికి మోగేవి రీడ్లే. కానీ ఇందులో ఒకే బటన్ తిత్తి మూసేటప్పుడు ఒక స్వరం, తెరిచేటప్పుడు ఇంకో స్వరం పలుకుతుంది. తప్పంతా వేళ్లదే అనుకుంటాం గానీ, చాలాసార్లు చూడాల్సింది తిత్తిని.

పాఠంలో చెప్పినట్టే నొక్కినా ట్యూన్ రావడం లేదు

మీ బాక్స్ ఒక రకం, పాఠం ఇంకో రకం అయి ఉండాలి. ఐర్లండ్‌లో ఎక్కువగా కనిపించేవి రెండు: బి/సి, సి షార్ప్/డి. ఇవి రెండు బటన్ వరుసల స్కేళ్ల పేర్లు: మొదటిది బయటి వరుసది, రెండోది లోపలి వరుసది. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకుని, తిత్తి మూస్తూ లోపలి వరుస బటన్లు నొక్కి చూడండి. సి, ఇ, జి వస్తే బి/సి. డి, ఎఫ్ షార్ప్, ఎ వస్తే సి షార్ప్/డి. టిప్పరరీకి చెందిన పాడీ ఓబ్రయన్, గాల్వేకి చెందిన జో బర్క్ బి/సి దారివాళ్లు. కార్క్‌కి చెందిన జాకీ డేలీది సి షార్ప్/డి. ఎవరిని విని నేర్చుకుంటున్నారో వాళ్ల రకమే మీదీ అయితే సగం టెన్షన్ తగ్గుతుంది.

ట్యూన్ మధ్యలో తిత్తి చివరిదాకా తెరుచుకుపోతోంది

బి/సి మీద అందరికీ ఎదురయ్యేది ఇదే. డి మేజర్‌లో పైకి వెళ్లి చూడండి: డి తెరుస్తూ, ఇ, ఎఫ్ షార్ప్, జి మూస్తూ, ఆ తర్వాత ఎ, బి, సి షార్ప్, పై డి వరసగా అన్నీ తెరుస్తూనే. ట్యూన్ ఆ పై స్వరాల చుట్టూ తిరిగితే తిత్తి సాగుతూనే ఉంటుంది.

ముందు ఎడమ బొటనవేలి కింద ఉండే గాలి బటన్‌ని వాడటం నేర్చుకోండి. మూసే స్వరం దొరికినప్పుడల్లా దాన్ని కొద్దిగా నొక్కితే స్వరం ఆగకుండానే తిత్తి గబుక్కున దగ్గరకొస్తుంది. పూర్తిగా నొక్కేస్తే స్వరం నీరసపడుతుంది. ఎంత నొక్కాలన్నది చేతికే తెలియాలి, పుస్తకం చెప్పలేదు.

తర్వాత బి స్వరం. అది బయటి వరుసలో మూస్తూ కూడా దొరుకుతుంది. జి, బి, జి లాంటి కదలికలో బిని అక్కడ వాయిస్తే మొత్తం మూస్తూనే అయిపోతుంది. తిత్తి మరీ మూసుకుపోతే ఇ స్వరాన్ని బయటి వరుసలో తెరుస్తూ పట్టుకోవచ్చు. ఎక్కడ ఏది వాడాలో ప్రతి ట్యూన్‌కీ ముందే తేల్చుకుని, రోజూ అలాగే వాయించాలి.

ఇవన్నీ చేసినా గాలి చాలకపోతే బాక్స్‌నే అనుమానించండి. తిత్తి పట్టీలు విప్పి, ఏ బటన్ నొక్కకుండా, బటన్ల వైపు భాగం పైకి ఉండేలా జాగ్రత్తగా పట్టుకోండి. కింది భాగం తన బరువుకి జర్రున జారిపోతే ఎక్కడో గాలి లీకవుతోంది.

వేగం వచ్చింది, ఊపు రాలేదు

స్వరాలన్నీ ఒకే బలంతో పలుకుతున్నాయన్నమాట. రీల్ అనే ఐరిష్ నృత్య ట్యూన్‌లో ఏ స్వరం మీద బరువు పడాలో అక్కడ తిత్తిని చిన్నగా తొయ్యాలి. అలంకారాలన్నీ తీసేసి నెమ్మదిగా, పాదంతో తాళం వేస్తూ వాయించండి. బాక్స్ కళాకారుడు జో కూలీ రికార్డింగులు వినండి. అందులో గొప్పతనం లయలో ఉంది, వేగంలో కాదు. ఊపు లేని వేగం వినడానికి శిక్ష అని నా అభిప్రాయం.

సెషన్‌లో (అందరూ కలిసి వాయించే కూడికలో) పక్కవాళ్లు మొహం చిట్లిస్తున్నారు

ఒక్కో స్వరానికి రెండు రీడ్లు కొంచెం తేడాతో శ్రుతి చేసి ఉంటే ధ్వని వణుకుతుంది. తేడా ఎక్కువైతే ఫిడేల్, ఫ్లూట్ పక్కన గరగరలాడుతుంది. రీడ్లు మార్చే స్విచ్ ఉంటే ఒక్క రీడ్‌తో వాయించండి. లేకపోతే బాక్స్ బాగుచేసేవారి చేత ఆ తేడా తగ్గించుకోవాలి. ఎడమచేతి బేస్ బటన్లు ట్యూన్‌తో కలవకపోతే వాటిని వదిలేయండి, ఎవరూ అడగరు.

ఒక స్వరం మూగబోయింది

అదే బటన్ ఒకవైపు పలికి, ఇంకోవైపు పలకకపోతే బటన్ బాగానే ఉన్నట్టు. ఆ వైపు రీడ్‌లో దుమ్ము పడి ఉంటుంది, లేదా రీడ్ మీద గాలిని ఆపే చిన్న తోలు ముక్క మడత పడి ఉంటుంది. నొక్కకుండానే మోగుతుంటే బటన్ కింది రంధ్రాన్ని మూసే ప్యాడ్ సరిగా కూర్చోలేదు. రీడ్లను మీరే గీకవద్దు, శ్రుతి మారిపోతుంది. చాలా బాక్సుల్లో వాటిని మైనంతో అతికిస్తారు కాబట్టి హైదరాబాద్ మే నెల ఎండలో, మూసిన కారులో బాక్స్ వదిలితే మైనం మెత్తబడి రీడ్లు కదిలిపోవచ్చు.