బీటీ పత్తి: పక్క చేను చెడకుండా సాగు చేసే పద్ధతి

జన్యుమార్పిడి విత్తనం ఎవరి చేనులో వారిదే గానీ, దాన్ని తట్టుకున్న గులాబీ రంగు పురుగు మాత్రం ఊరందరిదీ. కాయ తొలిచే పురుగులను చంపే బ్యాక్టీరియా జన్యువును చొప్పించిన బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది, రెండు జన్యువుల బీజీ-2 2006లో వచ్చింది. పదేళ్లు తిరక్కముందే ఈ పురుగు ఆ రెంటినీ తట్టుకుంది. కాబట్టి వరంగల్ నల్లరేగళ్లలో పత్తి పెట్టేవారు ఈ జాగ్రత్తలను పక్క రైతుకు బాకీ అనుకోవాలి.

సీలు చెడని ప్యాకెట్టే కొని, లాట్ నంబరున్న బిల్లు దాచుకోండి. ‘బీజీ-3’ అంటూ లూజుగా అమ్మే, గడ్డిమందును తట్టుకునే విత్తనానికి దేశంలో అనుమతి లేదు. మొలవకపోతే అడగడానికి బిల్లూ ఉండదు. ఇంటి విత్తనం కూడా వద్దు: హైబ్రిడ్ పంట నుంచి తీసిన గింజలన్నిటికీ బీటీ జన్యువు రాదు.

అసలు కిటుకు నాన్-బీటీ మొక్కల్లో, అంటే ఆ జన్యువు లేని పత్తి మొక్కల్లో ఉంది. వాటి మీద బతికిన మామూలు పురుగులు తట్టుకున్నవాటితో జతకడితేనే పుట్టే పిల్లలు బీటీకి చస్తాయి. 475 గ్రాముల ప్యాకెట్లో నాన్-బీటీ గింజలు కలిసే వస్తాయి, ఏరి పారేయొద్దు. విడిగా 120 గ్రాముల పొట్లం ఇస్తే చేను చుట్టూ అయిదు సాళ్లు, అదే రోజు పెట్టండి. ఆలస్యమైతే పూత కలవదు, రెక్కల పురుగులూ కలవవు. ఆ సాళ్ల మీద బీటీ బ్యాక్టీరియా మందు కొట్టొద్దు. చుట్టూ కంది వేస్తే చాలదా అంటే, శనగపచ్చ పురుగుకు సరే. గులాబీ పురుగు దాదాపు పత్తి మీదే బతుకుతుంది.

విత్తిన 45 రోజుల నుంచి ఎకరానికి 4 లింగాకర్షక బుట్టలు (ఆడపురుగు వాసన ఎరతో మగ రెక్కల పురుగులను పట్టేవి), మొక్కల కంటే అడుగు ఎత్తున పెట్టాలి. ఎర నెలకోసారి మార్చాలి. బుట్టకు రాత్రికి 8 రెక్కల పురుగుల చొప్పున మూడు రాత్రులు వరుసగా పడినా, 20 పచ్చికాయలు చీలిస్తే రెండింట్లో పురుగు కనిపించినా మందు కొట్టాల్సిందే. గుడ్డిపూలు (పురుగు పట్టి విచ్చుకోని పూలు) అంతకుముందే తెంపి నలిపేయండి. సైపర్‌మెత్రిన్ లాంటి పైరెత్రాయిడ్ మందులు తొందరపడి కొడితే తెల్లదోమ పెరుగుతుంది.

ధర బాగుందని నీళ్లు పెట్టి ఫిబ్రవరి దాకా కాయలు ఏరడమే అన్నిటికన్నా పెద్ద తప్పు. డిసెంబరుతో ముగించి, మిగిలిన కాయలు మేకలకు, గొర్రెలకు మేపి, కట్టె పీకి ముక్కలు చేయించండి. వంటచెరకని గట్టు మీద పేర్చిన కట్టెలోని ఎండుకాయల్లో పురుగు నిద్రాణంగా ఉండి, వచ్చే వానలకు లేస్తుంది.