ఇంజెక్టరు కొనే ముందు దాని వైరును పరీక్షించండి

పెట్రోలు కారు ఇంజను కుదుపుతూ, మెకానిక్కుల మాటలో చెప్పాలంటే 'మిస్సింగ్' వస్తూ ఉండగా స్కానరులో పి 0202 కోడు కనిపిస్తే, చాలామంది వెంటనే రెండో సిలిండరు ఇంజెక్టరును (ఆ సిలిండరుకు పెట్రోలు చిమ్మే పరికరాన్ని) మార్పించేస్తారు. ఆ కోడు చెప్పేది రెండో ఇంజెక్టరు సర్క్యూట్‌లో లోపం ఉందని మాత్రమే. వైరు తెగినా, కనెక్టరులో పిన్ను తుప్పు పట్టినా అదే కోడు వస్తుంది. ఇక్కడి పద్ధతి మానిఫోల్డులోకి, అంటే సిలిండర్లకు గాలి వెళ్లే గొట్టాల్లోకి, పెట్రోలు చిమ్మే సాధారణ ఇంజెక్టర్లకే వర్తిస్తుంది. జీడీఐ (పెట్రోలును నేరుగా సిలిండరులోకే చిమ్మే రకం), డీజిల్ కామన్ రైల్ ఇంజెక్టర్లకు అందే వోల్టేజీ బ్యాటరీ వోల్టేజీకి ఎన్నో రెట్లు ఉంటుంది కనుక వాటిని ఇలా ముట్టుకోవద్దు.

ఇగ్నిషన్ ఆపి, కనెక్టరు ఊడదీసి, ఇంజెక్టరు రెండు పిన్నుల మధ్య మల్టీమీటరుతో ఓములు చూడండి. ఈ రకం ఇంజెక్టర్లు చాలావాటిలో 12 నుంచి 16 ఓములు వస్తుంది. అంతకన్నా ముఖ్యం, నాలుగింటి కొలతలూ దగ్గరదగ్గరగా ఉండటం. ఇంజను వేడెక్కాకే మిస్సింగ్ వస్తుంటే వేడి మీదే కొలవాలి, ఎందుకంటే ఇంజెక్టరు లోపలి కాయిల్‌లో సన్నని తెగుడు చల్లగా ఉన్నప్పుడు బయటపడకపోవచ్చు.

కొలత సరిగా ఉంటే అనుమానం వైరింగు వైపు మళ్లాలి. కీ ఆన్ చేసి, కనెక్టరులోని సప్లై పిన్నుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య చూస్తే బ్యాటరీ వోల్టేజీకి దగ్గరగా రావాలి. కొన్ని కార్లలో స్టార్టరు తిప్పుతున్నప్పుడే ఈ సప్లై వస్తూ ఉంటుంది కనుక పక్కన ఒక మనిషి ఉండటం మంచిది. నాలుగింటికీ సప్లై లేకపోతే ఫ్యూజు, రిలే చూడాలి. ఒక్కదానికే లేకపోతే ఆ వైరే తెగి ఉంటుంది. వానాకాలంలో బోనెట్ కింద ఎలుకలు కొరికిన వైర్లు మన దగ్గర కొత్తేమీ కాదు.

ఈసీయూ (ఇంజనును నడిపించే కంప్యూటరు) కనెక్టరులోని రెండో వైరును క్షణకాలం నెగటివ్‌కు కలిపి ఇంజెక్టరును తెరుస్తుంది. దీన్ని చూడటానికి కనెక్టరులో నాయిడ్ లైటు (ఇంజెక్టరు కనెక్టరు పరీక్షకు వాడే చిన్న లైటు) పెట్టి స్టార్టరు తిప్పితే అది మినుకుమినుకుమనాలి. మామూలు హెడ్‌లైట్ బల్బును వాడవద్దు, అది లాగే కరెంటుకు ఈసీయూ లోపలి డ్రైవరు కాలిపోవచ్చు. లైటు మినుకుమనకుండా వెలుగుతూనే ఉంటే ఆ వైరు ఎక్కడో బాడీకి తగిలి ఉండవచ్చు. అప్పుడు ఇంజెక్టరు తెరుచుకునే ఉండి సిలిండరు పెట్రోలుతో నిండే ప్రమాదం ఉంది కాబట్టి, కనెక్టరు తిరిగి తగిలించకుండా వైరును వెతకండి. లైటు అసలు వెలగకపోతే, బ్యాటరీ నెగటివ్ విప్పి, కనెక్టరు నుంచి ఈసీయూ వరకు వైరును కదుపుతూ కంటిన్యుటీ (వైరు తెగకుండా ఉందా అన్నది) మల్టీమీటరుతో చూడాలి.

ఇవన్నీ సరిగా ఉన్నా కోడు పోకపోతే, ఇంజెక్టర్లకు పెట్రోలు అందించే గొట్టం (ఫ్యూయల్ రైల్)లో ప్రెషరు తగ్గించి, రెండో ఇంజెక్టరునూ మూడోదాన్నీ ఒకదాని చోట మరొకటి పెట్టండి. కోడు పి 0203గా (మూడో ఇంజెక్టరు సర్క్యూట్‌ది) మారితే లోపం ఇంజెక్టరుదే, అప్పుడు కొత్త ఇంజెక్టరు కొనండి.